ఋణం నుంచి యూనిట్ల దాకా: ‘కల్కి 2898 ఏడీ’లో యోధుడు, చూపు, వెల

వ్యాససంగ్రహం:
మనశ్శక్తితో పోరాడే సైనికులు, వారిని నడిపే సంస్థలు, ఆ యుద్ధాన్ని తెరపై చూసే ప్రేక్షకులు అనే మూడు అంశాలు ఆధునిక వైజ్ఞానిక కల్పనలో, ముఖ్యంగా జపాన్ మాంగాలో, తరచూ కలిసి కనిపిస్తాయి. తెలుగులో వీటికి దగ్గరగా వచ్చిన రచన ‘కల్కి 2898 ఏడీ’ (2024) చలనచిత్రం. భారతంలో యోధుని శక్తికీ, యుద్ధాన్ని చూసే చూపుకూ ఉన్న ఋణబంధం ఈ చిత్రంలో ఎక్కడ నిలిచింది, ఎక్కడ తెగింది అనే విషయాన్ని కృష్ణా డెల్టా పౌరాణిక నాటక సంప్రదాయాన్ని మధ్యలో నిలిపి ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వైజ్ఞానిక కల్పన, మాంగా, కర్ణుడు, అశ్వత్థామ, సంజయుడు, కాంట్రాక్టు నాటకం.

1. ఉపోద్ఘాతం

కత్సుహిరో ఒటోమో రచించి, చిత్రించిన ‘అకిరా’ 1982 నుంచి 1990 వరకు జపాన్‌లోని ‘యంగ్ మ్యాగజైన్’లో ధారావాహికగా వెలువడింది. 2019 నాటి నియో టోక్యో నగరంలో, సైన్యం పర్యవేక్షణలో మనశ్శక్తి ప్రయోగాలకు గురైన పిల్లల కథ అది. ఆ పిల్లలను సైన్యం అంకెలతో గుర్తిస్తుంది. అకిరా అంటే 28. వారికి అబ్బిన శక్తి వారి దేహాలను వదిలిపెట్టదు. కొందరు పిల్లలుగానే ముసలివారవుతారు. టెట్సువో అనే యువకుని శరీరం అతని అదుపు తప్పి ఉబ్బి వికృతమవుతుంది. శక్తి ఉన్నచోట దాని మూల్యం కూడా ఉంటుందన్నది ఈ రచన మౌలిక సూత్రం. ఈ కోవలోని కథల్లో సైన్యం స్థానాన్ని కంపెనీ, రహస్య ప్రయోగశాల స్థానాన్ని ప్రసార తెర ఆక్రమించినపుడు ఆ మూల్యాన్ని ఎవరు చెల్లిస్తారన్నదే అసలు ప్రశ్న అవుతుంది.

ఈ ప్రశ్న తెలుగు పాఠకునికి కొత్తది కాదు. భారతంలోని దివ్యాస్త్రం కేవలం లోహాయుధం కాదు. అది మంత్రంతో, ఏకాగ్రతతో ప్రయోగింపబడేది. పరశురాముడు కర్ణునికిచ్చిన శాపం అతని చేతులను తాకలేదు, జ్ఞాపకాన్ని తాకింది. అవసరమైన వేళ బ్రహ్మాస్త్రం స్ఫురించకపోవడమే ఆ శాప సారాంశం. అంటే కర్ణుడు మనశ్శక్తిని ఆయుధంగా ధరించిన యోధుడు, ఆ శక్తికి మూల్యం చెల్లించిన యోధుడు కూడా.

నాగ్ అశ్విన్ దర్శకత్వం వహించిన ‘కల్కి 2898 ఏడీ’ 2024 జూన్ 27న విడుదలైంది. నిర్మాత సి. అశ్వనీదత్ విజయవాడకు చెందినవారు. ఆయన నెలకొల్పిన వైజయంతీ మూవీస్‌కు ఆ ఏడాదితో యాభై ఏళ్లు నిండాయి. కురుక్షేత్ర యుద్ధాన్నీ, ఆరువేల ఏళ్ల తర్వాతి కాశీనగరాన్నీ ఒకే కథలో కలిపిన ఈ చిత్రాన్ని సాంకేతిక ప్రమాణాల దృష్టితో చాలామంది చర్చించారు. భారత కథ నుంచి అది దేనిని స్వీకరించింది, దేనిని విడిచింది అన్న చర్చ జరగవలసి ఉంది.

2. సంజయుని చూపు

దూరదర్శనానికి తొలి రూపం సంజయుడేనన్న మాట ఉపన్యాసాల్లో తరచూ వినిపిస్తుంది. భీష్మపర్వాన్ని నిశితంగా చదివితే ఈ పోలిక సగమే సరిపోతుంది. వ్యాసుడు మొదట ధృతరాష్ట్రునికే చూపు ఇస్తానంటాడు. బంధువుల వధను కళ్లతో చూడలేనని, వినడమే చాలునని రాజు నిరాకరిస్తాడు. అప్పుడు దివ్యదృష్టి సంజయునికి లభిస్తుంది. అయితే సంజయుడు యుద్ధాన్ని క్షణక్షణం ప్రసారం చేయడు. పదవనాడు రణరంగం నుంచి వచ్చి ముందుగా భీష్ముడు పడిపోయాడన్న వార్త చెబుతాడు. రాజు విలపించి, అది ఎలా జరిగిందని అడుగుతాడు. ఆ తర్వాతే తొలినాటి నుంచి యుద్ధకథనం మొదలవుతుంది.

ఈ కథనక్రమం గమనార్హం. ఫలితం ముందు, పోరు తర్వాత. ఎవరు గెలుస్తారన్న ఉత్కంఠకు ఇందులో చోటు లేదు. వినేవాడు అప్పటికే దుఃఖంలో ఉన్నాడు. యుద్ధాన్ని ప్రసరించే తెర అమ్మేది ఉత్కంఠను. సంజయుడు అందించేది సాక్ష్యాన్ని. దుర్యోధనుని మరణంతో తన దివ్యదృష్టి నశించిందని సౌప్తికపర్వంలో అతడే చెబుతాడు. ఆ చూపు ఒక ప్రయోజనానికి ఇచ్చినది. ఆ ప్రయోజనం తీరగానే అది తొలగిపోయింది. భారతంలో చూపు కూడా ఋణమే.

3. డెల్టా వేదికపై కురుక్షేత్రం

దుఃఖంతో వినవలసిన యుద్ధం డబ్బు చెల్లించి చూసే పోటీగా మారడం సినిమాతో మొదలు కాలేదు. తిరుపతి వేంకట కవులు రచించిన పాండవోద్యోగ, పాండవ విజయ నాటకాలు ఆంధ్రదేశమంతటా ప్రదర్శింపబడ్డాయి. జంటకవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి బందరులో తెలుగు పండితులుగా పనిచేశారు. కృష్ణా డెల్టా పట్టణాలు, పల్లెలు ఈ నాటకాలకు ఆయువుపట్టు. కాంట్రాక్టరు పేరున్న నటులను పారితోషికంపై కుదుర్చుకొని, టిక్కెట్టు పెట్టి ప్రదర్శించే కాంట్రాక్టు నాటకం ఈ నేలపై ఒక వ్యవస్థగా ఎదిగింది. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటివారు శ్రీకృష్ణ పాత్రతో ప్రఖ్యాతులయ్యారు. ఒకే నాటకంలో ఇద్దరు, ముగ్గురు కృష్ణులు అంకాలు పంచుకోవడం కూడా ఆచారమైంది.

ఇక్కడ యుద్ధం పద్యంగా మారింది. రాయబార సన్నివేశంలో పోటీ కృష్ణునికీ దుర్యోధనునికీ మధ్య జరుగుతున్నట్లు కనిపించినా, ప్రేక్షకుడు తూచేది ఇద్దరు నటుల రాగాలాపననే. “వన్స్ మోర్” అన్న కేక పడగానే శాంతి ప్రయత్నం మధ్యలో ఆగి, పద్యం మళ్లీ మొదలవుతుంది. దీనిని పతనంగా మాత్రమే లెక్కించడం సరికాదు. నటుడు కాంట్రాక్టరుకు కట్టుబడినా, అతడు సభకూ జవాబుదారే. పద్యం తప్పితే అక్కడే పట్టుకునే శ్రోతలు ముందువరుసలో ఉండేవారు. ఋణం పూర్తిగా తీరలేదు. రాజు నుంచి సభకు మారిందంతే. కాంట్రాక్టు నాటకం ఈ విధంగా ఋణానికీ వెలకూ నడుమ నిలిచిన దశ.

4. కర్ణుడు, భైరవ

‘కల్కి’ చిత్రంలో వనరులన్నీ కాంప్లెక్స్ అనే తలకిందుల పిరమిడ్ అధీనంలో ఉంటాయి. దాని అధిపతి సుప్రీం యాస్కిన్. కింద ఎండిన గంగ ఒడ్డున కాశీ. అక్కడి మనిషి విలువ యూనిట్లలో లెక్క. నాయకుడు భైరవ వెల కోసం మనుషులను పట్టి అప్పగించే వేటగాడు. పది లక్షల యూనిట్లు కూడబెట్టి కాంప్లెక్స్‌లో ప్రవేశించడమే అతని ఆశయం. చిత్రానికి ముందు 2024 మే 31న ప్రైమ్ వీడియోలో వచ్చిన ‘బుజ్జి అండ్ భైరవ’ యానిమేషన్ ధారావాహిక ఈ వేటగాని జీవితాన్ని హాస్యధోరణిలో పరిచయం చేసింది.

చివరి ఘట్టంలో ఈ భైరవే కర్ణుడని చిత్రం వెల్లడిస్తుంది. ఎంతో ఆలోచనకు తావున్న కల్పన ఇది. భారతంలోనూ కర్ణుడు ఒకరి పక్షాన నిలిచి పోరాడేవాడే. అయితే అతనిని కట్టిపడేసింది అంగరాజ్యం ఇచ్చిన దుర్యోధనునిపట్ల కృతజ్ఞత. ఉద్యోగపర్వంలో కృష్ణుడు జన్మరహస్యం చెప్పి రాజ్యాన్నే ఇవ్వజూపినా అతడు పక్షం మారడు. ఇంతకన్నా పెద్ద వెల ఎవరూ ఇవ్వలేరు. ఆ వెలను తిరస్కరించడమే కర్ణుని కర్ణునిగా నిలిపింది. కవచకుండలాలను కోసి ఇచ్చి పొందిన శక్తి ఒక్కసారే పనికివస్తుంది; అది ఘటోత్కచునిపై ఖర్చయింది. కర్ణుని ప్రతి బలం వెనుక ఒక అప్పు, ఒక శాపం, ఒక త్యాగం ఉన్నాయి.

భైరవ ఇందుకు పూర్తిగా భిన్నం. యూనిట్ల లెక్క చెల్లింపుతో ముగుస్తుంది. కృతజ్ఞతకు ముగింపు లేదు. ఈ వైరుధ్యాన్ని కథాంశంగా మలచి ఉంటే, అంగరాజ్యపు ఋణం కంపెనీ కాలంలో కూలిగా ఎలా దిగజారిందో చెప్పిన గొప్ప విమర్శ అయ్యేది. చిత్రం మాత్రం కర్ణుని నుంచి విజయధనుస్సునూ తేజస్సునూ తీసుకొని, అతని అప్పును విడిచిపెట్టింది. ప్రేక్షకునికి దక్కింది నాయకుని బలం రెట్టింపైందన్న ఆనందం. ఇది మొదటి భాగమే కనుక ఆ అప్పు ముందుముందు తీరవచ్చునని వాదించవచ్చు. కానీ ఒక కృతి తన పతాక సన్నివేశంలో దేనిని బహుమతిగా చూపుతుందో, దానినే అది విలువగా ప్రతిపాదిస్తున్నట్లు. ఇక్కడ బహుమతి ఆయుధం.

5. అంకె పేరైన చోట

చిత్రంలో బలమైన భాగం అశ్వత్థామ, సుమతులది. కాంప్లెక్స్ ప్రయోగశాలలో గర్భం ధరించిన స్త్రీల నుంచి సీరం తీస్తారు. అక్కడ సుమతికి పేరు లేదు, ఆమె సమ్-80. అకిరా 28 అయినట్లే ఈమె 80. మనిషిలోని శక్తిని సంస్థ తన ఆస్తిగా లెక్కించుకోవడం మొదలుపెట్టినపుడు మొదట పోయేది పేరు. ఆ అంకె నుంచే సుమతి అన్న పేరు పుట్టడం చిత్రంలోని సునిశితమైన ఊహల్లో ఒకటి.

సౌప్తికపర్వంలో అశ్వత్థామ ఉత్తర గర్భంపై అస్త్రం విడిచాడు. శిరోమణిని కోల్పోయి, మూడువేల ఏళ్లు నెత్తురు చీముతో ఒంటరిగా తిరగమన్న శాపం పొందాడు. చిత్రం ఆ కాలాన్ని ఆరువేల ఏళ్లకు పెంచి, శాపానికి ఒక కర్తవ్యాన్ని జోడించింది: కల్కిని మోసే గర్భాన్ని కాపాడాలి. గర్భంపై దాడి చేసినవాడు గర్భానికి కాపలా ఉండటం మూలంలో లేని కల్పన. అయినా అది మూలానికి ద్రోహం చేయదు, మూలంలోని అప్పును కొనసాగిస్తుంది. అతని బలం ఎంత పెద్దదైనా ప్రేక్షకుడు దానిని ఉత్త బలంగా చూడలేడు, ఆ దేహంపై గాయం ఉంది కనుక. ఒకే చిత్రంలో అశ్వత్థామకు దక్కిన న్యాయం కర్ణునికి దక్కలేదు.

6. ఉపసంహారం

చూపు విషయంలో కూడా ఈ చీలిక కనిపిస్తుంది. చిత్రంలోని బుజ్జి అనే యుద్ధవాహనాన్ని 2024 మే నెలలో రామోజీ ఫిల్మ్ సిటీలో జనసమూహం ముందు ఆవిష్కరించి, తర్వాత పలు నగరాల్లో ప్రదర్శించారు. కథలో కూలికి పోరాడే యంత్రం కథ బయట ప్రచారానికి పనిచేసింది. ప్రచారం సినిమా వ్యాపారానికి అవసరమే. కాంట్రాక్టు నాటకానికీ కరపత్రాలు ఉండేవి. అయితే ఆ నాటకంలో పద్యం తప్పితే నిలదీసే సభ ఉండేది. యుద్ధాన్ని తెరపై చూసే ప్రేక్షకునికి అలాంటి స్థానాన్ని ‘కల్కి’ కల్పించలేదు. అతడు ధృతరాష్ట్రునిలా దుఃఖించనక్కరలేదు, సంజయునిలా సాక్ష్యం చెప్పనక్కరలేదు.

భారతాన్ని వైజ్ఞానిక కల్పనగా మలచే ప్రయత్నాలు తెలుగులో ఇకముందు పెరుగుతాయి. అస్త్రాలనూ శక్తులనూ ఒక జాబితాగా తీసుకోవడం వాటికి తేలిక. ఆ శక్తులను మోసినవారు ఎవరికి అప్పుపడ్డారో కూడా స్వీకరించినపుడే అవి భారతానికి వారసత్వమవుతాయి. అశ్వత్థామ గాయం ద్వారా ఆ మార్గం సాధ్యమేనని ‘కల్కి 2898 ఏడీ’ నిరూపించింది. భైరవ యూనిట్ల వెనుక దాగిన కర్ణుని ఋణం మాత్రం ఇంకా చెప్పవలసిన కథగానే మిగిలింది.