శుద్ధి ఎవరికి? భోపాల్ స్మారక వనంపై కొన్ని ప్రశ్నలు

ఈ దేశంలో శుద్ధి అనే మాటకు శుభ్రతతో పెద్దగా పనిలేదు. 1927 మార్చిలో అంబేద్కర్ వెంట దళితులు వెళ్లి మహద్ చౌదార్ చెరువు నీళ్లు తాగితే, సవర్ణులు పేడ, ఆవు మూత్రం, పాలు, పెరుగు కలిపిన 108 కుండలతో ఆ చెరువును ‘శుద్ధి’ చేశారు. గొడ్లు దిగినా మైలపడని నీళ్లు మనుషులు ముట్టుకుంటే మైలపడ్డాయి! భోపాల్‌లో ఇది తలకిందులైంది. యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ చుట్టూ భూగర్భ జలం నిజంగానే విషమైంది. కానీ ఆ నీళ్లు తాగింది ముస్లింలు, దళితులు, పొట్ట చేత పట్టుకొచ్చిన కూలీలు. అందుకే అక్కడ శుద్ధికి తొందర లేకపోయింది.

భోపాల్ అనగానే మనకు 1984 డిసెంబర్ 2-3 రాత్రి, గాలిలో వచ్చిన విషమే గుర్తొస్తుంది. నీళ్లలోని విషం అంతకుముందే మొదలైంది. కంపెనీ తన వ్యర్థాలను ఏళ్ల తరబడి ఆవరణలోనే గుంటల్లో పోసింది. 1977 నుంచి గోడ బయట తవ్విన చెరువుల్లోకీ వదిలింది. ఆ చెరువులు కారాయి. బస్తీల చేతిపంపుల్లో ఆ విషం తేలింది. మంచినీళ్లివ్వమని 2004లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఈ నేల మీద స్మారకం కట్టడానికి మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2005లో పోటీ పెట్టింది. ఢిల్లీకి చెందిన స్పేస్ మ్యాటర్స్ అనే వాస్తుశిల్పుల బృందం గెలిచింది. యంత్రాలను కూల్చకూడదు, నేరానికి అవే సాక్ష్యాలు అన్న వాళ్ల దృష్టి మెచ్చుకోదగ్గదే. మన అభ్యంతరం ఆ గీతల మీద కాదు, ప్రభుత్వం పెట్టుకున్న వరస మీద. ముందు కడగాలి, తర్వాత కట్టాలి. బాధితుల సంఘాలు చెబుతున్నదీ ఇదే.

పార్కులంటే మనకు పడదా అని ఎవరైనా అడగొచ్చు. కాదు. అమెరికాలోని సియాటిల్ సంగతే చూడండి. 1906 నుంచి 1956 దాకా నడిచిన గ్యాస్ ఫ్యాక్టరీని రిచర్డ్ హాగ్ పార్కుగా మలిచాడు. పాత యంత్రాలను అట్లాగే ఉంచాడు. 1975లో తెరిచారు. లోకమంతా మెచ్చుకుంది. 1984లో మట్టిలో విషపదార్థాలు బయటపడి ఆ పార్కునే కొన్నాళ్లు మూసెయ్యాల్సి వచ్చింది. పైన గడ్డి పచ్చగా ఉన్నంత మాత్రాన కింద నేల బాగుపడినట్టు కాదు.

ఇక లెక్క చూద్దాం. 2025 జనవరిలో భోపాల్ నుంచి 337 టన్నుల వ్యర్థాన్ని కంటైనర్లలో పీథంపూర్‌కు తరలించి, జూన్ చివరికల్లా కాల్చేశారు. అక్కడి జనం వద్దని రోడ్డెక్కినా ఆగలేదు. ఒక వాడ మైలను ఇంకో వాడ నెత్తిన పెట్టడమే మనవాళ్లకు తెలిసిన శుద్ధి. పైగా ఆ 337 టన్నులు గోదాములో కట్టిపెట్టిన సరుకు మాత్రమే. నాగపూర్ నీరి, హైదరాబాద్ ఎన్‌జిఆర్‌ఐ కలిసి 2010లో వేసిన అంచనా ప్రకారం విషపూరితమైన మట్టి 11 లక్షల టన్నులు. దాన్నెవరు ఎత్తాలి? ఎత్తడానికి ఆ గుంటల్లోకి దిగేదెవరు? మురుగు కాలువల్లోకి ఎవర్ని దించుతున్నారో తెలిసిన దేశంలో ఈ ప్రశ్న అడక్కుండా ఏ పార్కు నమూనా గీసినా అది అగ్రకుల నమూనానే.

జ్ఞాపకం సంగతికొస్తే, బస్తీ జనం సర్కారు కోసం కూచోలేదు. ఫ్యాక్టరీ గోడకెదురుగా రూత్ వాటర్‌మన్ చెక్కిన తల్లీబిడ్డల విగ్రహం 1985 నుంచే ఉంది. 2014లో బాధితులే సర్కారు డబ్బు, కంపెనీల డబ్బు ముట్టకుండా మ్యూజియం పెట్టుకున్నారు. భోపాల్‌లో కరువైంది జ్ఞాపకం కాదు, కడిగిన నేల.

కాబట్టి ఏ స్మారక వనం నమూనా వచ్చినా మొదట దాని సరిహద్దు చూడాలి. కంపెనీ గోడనే హద్దుగా పెట్టుకుంటే అది కంపెనీ గీసిన పటం. విషం భూమిలో ఎంత దూరం పోయిందో అంతవరకూ హద్దు జరగాలి. 2001లో కార్బైడ్‌ను కొనుక్కున్న డౌ ఆ ఖర్చు కట్టాలి. గుంటలోకి దిగే కూలీకి రక్షణ, సరైన జీతం ఉండాలి. పచ్చదనం వచ్చాక, అందం చెడుతోందని బస్తీలను లేపేయబోమని ముందే రాసివ్వాలి. విషంతో బతికినవాళ్లకు ఆ చెట్ల నీడలో కూచునే హక్కు లేకపోతే, అది మహద్‌లో పోసిన 108 కుండలకు కొత్త పేరు మాత్రమే.