ఇన్‌స్టాల్ బటన్ వెనక పనితనం

వర్డ్‌ప్రెస్‌లో సైటు నడిపేవాళ్లకి థీమ్ మార్చడం ఇప్పుడొక పనిలా అనిపించదు. డ్యాష్‌బోర్డ్‌లో థీమ్స్ పేజీ తెరిచి, నచ్చిన బొమ్మ మీద ఇన్‌స్టాల్ నొక్కి, తర్వాత యాక్టివేట్ నొక్కితే సైటు వేషం మారిపోతుంది. ఆ రెండు నొక్కుల మధ్య జరిగేది చూస్తే, దాన్ని రాసినవాళ్ల మీద గౌరవం కలుగుతుంది.

థీమ్‌ల పద్ధతి 2005లో, 1.5 వెర్షన్‌తో మొదలైంది. రాతలన్నీ డేటాబేస్‌లో ఉంటాయి, వాటి రూపురేఖలు వేరే ఫోల్డర్‌లో ఉంటాయి. ఆ మొదటి రోజుల్లో కొత్త థీమ్ కావాలంటే జిప్ ఫైల్ దించుకుని, విప్పి, ఎఫ్‌టీపీతో సర్వర్‌లోకి ఎక్కించాలి. కథలో కవితలో రాసుకుందామని వచ్చినవాడికి ఇదేం ఖర్మ? 2009 జూన్‌లో వచ్చిన 2.8 వెర్షన్ వెతకడం, దించడం, ఎక్కించడం మూడింటినీ డ్యాష్‌బోర్డ్‌లోకే తెచ్చేసింది.

థీమ్ తన సంగతులు చెప్పుకునే తీరే ముచ్చటగా ఉంటుంది. స్టైల్ డాట్ సీఎస్ఎస్ అనే ఫైలు ప్రతి థీమ్‌లో ఎలాగూ ఉండాలి. దాని నెత్తిన ఒక కామెంట్‌లో పేరు, రచయిత, వెర్షన్, వర్ణన రాస్తారు. బ్రౌజర్ ఆ కామెంట్‌ని పట్టించుకోదు, వర్డ్‌ప్రెస్ మాత్రం చదువుకుంటుంది. స్క్రీన్‌షాట్ అని పేరుపెట్టిన బొమ్మ ఒకటి అదే ఫోల్డర్‌లో పడేస్తే జాబితాలో కనిపించేది అదే. వేరే ఎక్కడా నమోదు చేయక్కర్లేదు.

అసలు నేర్పు ఇన్‌స్టాల్ నొక్కాక మొదలవుతుంది. సర్వర్‌లో ఫైళ్లు రాసే హక్కు తనకుందో లేదో ముందు తేల్చుకోవాలి. అందుకోసం వర్డ్‌ప్రెస్ ఒక చిన్న తాత్కాలిక ఫైలు రాసి, దాని యజమానీ తన సొంత ఫైళ్ల యజమానీ ఒకరేనా అని చూస్తుంది. ఒకరే అయితే చప్పుడు చేయకుండా పనిలోకి దిగుతుంది. కాకపోతే ఎఫ్‌టీపీ వివరాలు అడుగుతుంది. జిప్‌ని కూడా తిన్నగా థీమ్‌ల ఫోల్డర్‌లో విప్పదు. పక్కన ఇంకో ఫోల్డర్‌లో విప్పి, స్టైల్ ఫైలుందా, అందులో పేరుందా, ఉండాల్సిన టెంప్లేట్ ఉందా అని సోదా చేస్తుంది. అంతా సరిపోయాకే లోపలికి పంపుతుంది. వచ్చింది చైల్డ్ థీమ్ అయితే, అది ఆధారపడిన పేరెంట్ థీమ్ సైటులో ఉందో లేదో వెతుకుతుంది. లేకపోతే వర్డ్‌ప్రెస్ భాండాగారం నుంచి దాన్నీ తెచ్చే ప్రయత్నం చేస్తుంది. వాడేవాళ్లలో చాలామందికి ఇలాంటి తనిఖీ ఒకటుందనే తెలీదు.

కంటికి కనిపించే మెరుగులు 2013 డిసెంబర్‌లో, 3.8తో వచ్చాయి. బొమ్మలు పెద్దవయ్యాయి, వాటి చుట్టూ ఉన్న అక్షరాల గోల తగ్గింది. ఇన్‌స్టాల్ చేసి ఉంచుకున్న థీమ్‌లలో వెతికితే టైపు చేస్తుండగానే జాబితా కుదించుకుపోతుంది. ఒక థీమ్ వివరాలు తెరిచాక బాణం కీలతో పక్కదానికి వెళ్లొచ్చు. వాడుకలో ఉన్న థీమ్ ఎప్పుడూ మొదటి గడిలో ఉంటుంది. డిలీట్ మాత్రం ఆ గడుల మీద పెట్టలేదు. వివరాల్లోకి వెళ్తే అడుగున ఒక మూల ఉంటుంది, అదీ వాడుకలో లేనివాటికే. చెయ్యి జారే చోట ప్రమాదాన్ని పెట్టకపోవడం ఎంత చిన్న నిర్ణయం! ఎన్ని సైట్లని కాపాడి ఉంటుందో.

తర్వాతి వెర్షన్లలోనూ ఈ ముందుచూపు కొనసాగింది. ఉన్న థీమ్‌కే కొత్త జిప్ ఎక్కిస్తే, 2020లో వచ్చిన 5.5 నుంచి పాతదాని వివరాలూ కొత్తదాని వివరాలూ పక్కపక్కన చూపించి, మార్చమంటారా అని అడుగుతుంది. 2023 నాటి 6.3 నుంచి, మనం చేయించే అప్‌డేట్ మధ్యలో చెడితే పక్కన దాచిన పాత ప్రతిని తిరిగి పెడుతుంది.

నాకు ఒక్క చోటే అసంతృప్తి. ఇన్‌స్టాల్ చేయని థీమ్‌కి చూపించే ప్రివ్యూలో ఉండేది ఎవరివో నమూనా రాతలు, అవీ ఇంగ్లిషు లిపిలో. ఆ అక్షరాలకి కుదిరిన వరుసల ఎడం మన ఒత్తులకి చాలకపోవచ్చు. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటలు వచ్చినచోట కింది వరుస గుడిదీర్ఘాలు పై వరుస ఒత్తుల్ని తాకుతాయి. బట్టల కొట్లో బొమ్మకి తొడిగిన చొక్కా చూసి మన కొలతకి సరిపోతుందనుకోలేం కదా. దీనికీ ఒక దారి ఉంది. 2012లో 3.4తో వచ్చిన కస్టమైజర్‌లో, ఇన్‌స్టాల్ చేసిన థీమ్‌ని యాక్టివేట్ చేయకుండానే మన రాతల మీద వేసి చూసుకోవచ్చు. అంతసేపూ బయటివాళ్లకి పాత సైటే కనిపిస్తుంది. తెలుగు సైటుకి థీమ్ ఎంచుకునేవాళ్లు స్క్రీన్‌షాట్‌ని నమ్మకుండా, ఒత్తులు దండిగా ఉన్న తమ వ్యాసం ఒకటి అందులో తెరిచి, ఫోన్ వెడల్పులో కూడా చూశాకే యాక్టివేట్ నొక్కాలి.