రేకును లొంగదీసే పెంబర్తి

వరంగల్ కొత్తవాడ పేరు చెబితే జంపఖానాలే గుర్తొస్తాయి. 2018లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి నుంచి హైదరాబాద్ దారి పట్టి జనగామ దాటితే పెంబర్తి. ఇక్కడి పని నూలుతో కాదు, ఇత్తడి రేకుతో. కాకతీయుల కాలం నుంచి గుళ్లకు కవచాలు, మకర తోరణాలు, వాహనాల తొడుగులు చేస్తున్న విశ్వకర్మల ఊరు.

రేకును కాచి వంచడం అంటే ఇప్పుడు మనం చూసేది బోర్డుల షాపులో అక్రిలిక్ షీటు. వంచాల్సిన గీత వెంబడి వేడి తీగ మీద పెడితే, 150 డిగ్రీలు దాటాక అప్పడం పిండిలా వాలుతుంది. అప్పుడే వంచి, చల్లారేదాకా కదలకుండా పట్టుకోవాలి. వేడి ఎక్కువైతే బుడగలొస్తాయి. పోత పోసి చేసిన షీటునైతే మళ్లీ కాచి చూడండి, వంపు విప్పుకుని మునుపటిలా చదునైపోతుంది!

ఇత్తడి దారి వేరు. కాల్చేది మెత్తబరచడానికే, మలిచేది చల్లారాకే. సుత్తి దెబ్బలు పడేకొద్దీ లోపలి స్ఫటికాల అమరిక చిక్కుపడి రేకు బిరుసెక్కుతుంది. ఇందాక దిగిన చోటే సుత్తి ఎగిరిపడుతుంది. పంతానికి పోయి ఇంకా కొడితే రేకు చిట్లుతుంది. అందుకే మళ్లీ నిప్పుల్లో పెట్టి మసక ఎరుపు వచ్చేదాకా కాల్చాలి. లోతైన రూపానికి ఈ కాల్చడం, కొట్టడం పదేపదే చేయాల్సిందే. ఉక్కును కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది. ఇత్తడి ముంచినా మెత్తగానే ఉంటుంది.

ఈ పనిలో అసలు తెలివి, నన్నడిగితే, రేకు కింద ఉంది. అది లక్క పరుపు. కొమ్మల మీద లక్క పురుగులు స్రవించే ఈ జిగురు వేడికి మెత్తబడి, చల్లారితే బిగుసుకుంటుంది. అక్రిలిక్‌ది కూడా అదే స్వభావం, కాకపోతే అది 1930లలో బజారుకొచ్చింది. వేడి లక్క మీద రేకును అంటించి, బిగిశాక వెనక వైపు నుంచి ఉలితో, సుత్తితో కొడతారు. కింద బండ ఉంటే రేకు నలుగుతుంది, ఏమీ లేకపోతే మొత్తం సొట్టపోతుంది. లక్క దెబ్బ పడ్డంత మేరకే లోపలికి దిగి, చుట్టుపక్కల రేకును పట్టి ఉంచుతుంది. దేవుడి కిరీటంలో ఆకు ఈనె సహా తేలేది అందుకే. ఆ తర్వాత వేడిచేసి రేకును ఊడదీసి, తిరగేసి, ముందు వైపు సన్న గీతలు తీరుస్తారు. చివరికి లక్కను కరిగించి వదిలించి, తోమి మెరుగు పెడతారు.

నిజాం జమానాలో ఇదే పనితనం పాన్‌దాన్‌లకూ అత్తరుదానులకూ ఎక్కింది. 2023లో కేంద్ర పర్యాటక శాఖ పెంబర్తిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది.

అక్రిలిక్‌ను తక్కువ చేయడం లేదు, బోర్డుకు అదే సరి. కానీ పగిలిన అక్రిలిక్‌ను కొట్టి సరిచేయలేం. సొట్టపడిన ఇత్తడి కవచాన్ని కాల్చి, మళ్లీ కొట్టి నిలబెట్టవచ్చు. తరాలు నిలవాల్సిన గుడి సొత్తుకు ఇత్తడే తగింది.

పెంబర్తిలో ఏదైనా కొనేటప్పుడు వీలైతే వెనక్కి తిప్పి చూడండి. ఉలి గుర్తులు ఒక్కో చోట ఒక్కో లోతున కనిపిస్తే అది చేతి పని. దానికి బేరం ఆడకండి.