వంగదేశంలో ఇస్లాం వ్యాప్తి: ఒక గ్రంథ పరిశీలన

భారతదేశంలో ఇస్లాం ఎట్లా వ్యాపించింది? ఈ ప్రశ్నకు రెండు సమాధానాలు చిరకాలంగా ప్రచారంలో ఉన్నాయి. ఖడ్గబలమే కారణమని కొందరంటారు. కులపీడన భరించలేనివారు సమానత్వాన్ని కోరి వచ్చారని మరికొందరంటారు. మొదటిది నింద, రెండవది ప్రశంస. రెంటికీ ఆధారాలు కావలసిందే. రిచర్డ్ ఎం. ఈటన్ 1993లో వెలువరించిన ‘ది రైజ్ ఆఫ్ ఇస్లాం అండ్ ది బెంగాల్ ఫ్రాంటియర్, 1204–1760’ ఈ రెండు వాదాలనూ గీటురాయి మీద పెట్టింది.

తూర్పు బెంగాలు పల్లెల్లో ముస్లిములు అంత అధిక సంఖ్యలో ఉన్నారన్న సంగతి 1872 జనగణనతో గాని పాలకులకు స్పష్టపడలేదు. ఖడ్గమే కారణమైతే ఢిల్లీ, ఆగ్రా పరిసరాల్లో కదా వారు అధికంగా ఉండవలసింది! దక్కను సంగతీ అంతే. 1347లో బహమనీ రాజ్యం ఏర్పడిన తరువాత శతాబ్దాల తరబడి ముస్లిం ప్రభువులు పాలించినా ఇక్కడ ముస్లిములు అల్పసంఖ్యాకులే. ఇక తూర్పు బెంగాలులో కులవ్యవస్థ లోతుగా వేరూననే లేదు. వేరూనని చోట దాని నుండి విముక్తి అన్న మాటకు బలం తక్కువ.

ఈటన్ చూపే కారణం వేరు. గంగానది ప్రధాన ప్రవాహం తూర్పుకు మళ్లింది. అడవులు నరికి వరి సాగుచేసే అవకాశం కలిగింది. మొగలు ప్రభుత్వం బంజరు భూములను శిస్తు లేకుండా ఇచ్చింది. చిట్టగాంగ్, సిల్హెట్ సనదులను ఆయన ఓపికగా పరిశీలించారు. భూమి పొందినవాడు అడవి కొట్టించాలి, మసీదును పోషించాలి, రాజ్యం చిరకాలం నిలవాలని ప్రార్థించాలి. హిందువులకూ ఇట్టి దానాలు లభించాయి. మతమార్పిడి మొగలుల విధానం కాదు. అయినా మసీదు చుట్టూ ఊరు, ఊరి చుట్టూ పొలం వెలిశాయి. ఈ నిరూపణ ప్రశంసనీయం.

అయితే ఒక లోపం చెప్పక తప్పదు. సనదు భూమి లెక్క చెబుతుంది గాని హృదయం మాట చెప్పదు. కాగితాల బలం పెరిగేకొద్దీ రైతు విశ్వాసం నాగలి వెంట తనంతట తాను వచ్చిన పంటవలె కనిపిస్తుంది. నిజానికి దీనికి సమాధానం ఈ గ్రంథంలోనే ఉంది. సయ్యద్ సుల్తాన్ రచించిన ‘నబీవంశ’లో ఆదం ప్రవక్త (అలైహిస్సలాం) వ్యవసాయదారుడు. ఆ కథ విన్న రైతు తన కష్టానికి ఒక గౌరవాన్ని, తన బ్రతుకుకు ఒక అర్థాన్ని అందులో చూసుకున్నాడు. అది అతడి ఎంపిక. బీజాపూరు సూఫీలపై 1978లో వెలువడిన గ్రంథంలో ఈటన్ స్త్రీల తిరగలి పాటలకు, అనగా చక్కీనామాలకు, ఎంతో విలువ ఇచ్చారు. ఆ చెవి ఇక్కడ కొంత మందగించింది.

ఇది కేవలం పండితుల తగాదా కాదు. 1895లో ఫజ్లీ రబ్బీ బెంగాలు ముస్లిములకు విదేశీ వంశమూలాలు చూపబోయారు. రైతు పుట్టుక చిన్నతనంగా తోచడమే అట్టి ప్రయత్నాలకు మూలం. ఈటన్ ఆ చిన్నతనాన్ని తుడిచివేశారు. పొలం దున్నినవాడే ధర్మాన్నీ ఆలోచించి స్వీకరించాడని కూడా ఒప్పుకొంటేనే ఆ గౌరవం సంపూర్ణమవుతుంది.

తెలుగునాట దూదేకుల వంటి వృత్తి సమాజాల చరిత్ర వ్రాయబూనేవారు ఈ గ్రంథాన్ని తప్పక చదవాలి. పాత దస్తావేజులతో పాటు ఇళ్లలో పాడుకునే పాటలనూ సేకరించాలి.