కాలమ్‌లు మారినా తప్పని గోష్వారా

తల్లాడ మండలంలో ఏటా వానాకాలం, యాసంగి పంటల నమోదు జరుగుతుంది. ఏ సర్వే నంబరులో ఏ రైతు ఏం వేశాడో వ్యవసాయ విస్తరణాధికారులు రాసుకుంటారు. సాగర్ ఎడమ కాల్వ నీళ్లు అందే చోట వరి, మెరక చేలల్లో పత్తి, మిర్చి, అక్కడక్కడ మామిడి తోటలు. ఇప్పుడు సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు విస్తారంగా ఉన్న ఆయిల్‌పామ్ కూడా ఈ జాబితాలో చేరింది.

ఈ వివరాలను పంటకో కాలమ్ ఉన్న షీటులో పెట్టి ఊరివారీ మొత్తాలు తీయాలి. ఇలాంటి మొత్తాల పట్టికను పట్వారీలు గోష్వారా అనేవారు. 1984లో ఆ వ్యవస్థ రద్దయ్యేదాకా అది చేత్తో వేసిన లెక్క. కొత్త పంట కనబడితే మనిషి ఇంకో గీత గీసుకుంటాడు. యంత్రానికి ఆ సంగతి మనమే చెప్పాలి.

ఎక్సెల్ 2016 నుంచి అందులోనే భాగమైన పవర్ క్వెరీలో గ్రూప్ బై నొక్కితే వరి, పత్తి, మిర్చి అన్న పేర్లు సూత్రంలో అక్షరాలా అచ్చవుతాయి. వచ్చే ఏడు షీటులో మిర్చి కాలమ్ లేకపోతే క్వెరీ ఎర్రర్ చూపి ఆగిపోతుంది. అది నయం, కనీసం తెలుస్తుంది. ఆయిల్‌పామ్ కాలమ్ కొత్తగా చేరితే మాత్రం ఏ హెచ్చరికా రాదు. మొత్తాల పట్టికలో ఆ పంట ఉండదు, అంతే. కొనుగోళ్ల అంచనాలు ఇలాంటి మొత్తాల మీదే ఆధారపడతాయి కాబట్టి, నా దృష్టిలో ఈ మౌనమే పెద్ద ప్రమాదం.

విరుగుడు ఒకటే: పేర్లు ఇవ్వకుండా, పేర్లు ఏరుకునే పద్ధతి ఇవ్వాలి. ముందు మారని కాలమ్‌లను విడదీయాలి: గ్రామం, సర్వే నంబరు, రైతు పేరు, రిమార్కులు. పవర్ క్వెరీ ఫంక్షన్ టేబుల్.కాలమ్‌నేమ్స్ ఇచ్చే పూర్తి జాబితా నుంచి లిస్ట్.డిఫరెన్స్‌తో వీటిని తీసేస్తే మిగిలేవన్నీ పంటలే. లిస్ట్.ట్రాన్స్‌ఫార్మ్‌తో ఒక్కో పంటకు పేరు, కూడే ఫంక్షన్, డేటా రకం అనే మూడు ముక్కల జాబితా తయారు చేసి టేబుల్.గ్రూప్‌కు అందించాలి. లోపలి ఫంక్షన్‌లో టేబుల్.కాలమ్ ఆ పేరున్న విలువలను తెస్తుంది. ఇక్కడ ‘ఈచ్’ లోపల ఇంకో ‘ఈచ్’ వాడితే లోపలిది బయటిదాన్ని కప్పేస్తుంది, పంట పేరు అందదు. అందుకే ‘ఈచ్’ మానేసి రెండు ఫంక్షన్ల వేరియబుల్స్‌కూ వేర్వేరు పేర్లు పెట్టాలి. పవర్ క్వెరీ తనంతట తాను చేర్చే ‘ఛేంజ్‌డ్ టైప్’ మెట్టులోనూ కాలమ్ పేర్లు రాసి ఉంటాయి. దాన్ని తీసేయకపోతే ఈ శ్రమంతా వృథా.

అంకెలున్న కాలమ్‌లన్నీ కూడేస్తే సరిపోదా? సరిపోదు. సర్వే నంబరు కూడా అంకే, దాని మొత్తానికి అర్థం లేదు. పైథాన్‌లో పాండాస్ లైబ్రరీ ఇలాగే అడగకముందే అన్నీ కూడుతుంది, అక్షరాలుంటే ఒకదాని వెనక ఒకటి అతికిస్తుంది. డక్‌డీబీ డేటాబేస్‌లో మినహాయింపులు చెప్పి మిగతా కాలమ్‌లన్నిటినీ ఒకేసారి కూడమనొచ్చు. ఆర్ భాషలో డీప్లైర్ ప్యాకేజీ 2020లో తెచ్చిన ‘అక్రాస్’ కూడా అదే పని చేస్తుంది. మామూలు ఎస్‌క్యూఎల్‌లో ప్రతి పేరూ రాయాల్సిందే.

మన విస్తీర్ణాల లెక్క ఇంకా సున్నితం. తెలంగాణ రికార్డుల్లో 3.20 అంటే మూడెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి నలభై గుంటలు. 3.20కి 2.30 కలిపితే యంత్రం 5.50 అంటుంది, నిజానికి అది ఆరెకరాల పది గుంటలు. కాబట్టి కూడే ఫంక్షన్ ముందు అన్నిటినీ గుంటల్లోకి మార్చి, కూడాక మళ్లీ ఎకరాల్లోకి తేవాలి. పంటల పేర్లు ఒక జాబితాగా చేతిలో ఉన్నాయి గనుక ఈ మార్పు ఒక్కచోట రాస్తే ఎన్ని పంటలొచ్చినా వర్తిస్తుంది. ఖాళీ గడులను సున్నా చేయకపోవడం మంచిది. నమోదు కాకపోవడం, వేయకపోవడం ఒకటి కాదు.

మారనివనుకున్నవీ మారతాయి. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయినప్పుడు తల్లాడ ఖమ్మంలోనే ఉండగా జూలూరుపాడు భద్రాద్రి కొత్తగూడెంలోకి వెళ్లింది. అందుకే జిల్లా పేరును పంట షీటులో రాయకుండా విడి పట్టికలో ఉంచి మండలంతో జతపరచాలి.

ఏటేటా పంటలు మారే షీటుకైతే పవర్ క్వెరీలోని అన్‌పివట్ అదర్ కాలమ్స్ ఆదేశం నాకు ఇంకా నచ్చుతుంది. గ్రామం, పంట, విస్తీర్ణం అని నిలువుగా మారిపోయాక కొత్త పంట కొత్త కాలమ్ కాదు, కొత్త వరుస మాత్రమే. అయితే అక్కడ ఖాళీ గడులు వాటంతటవే రాలిపోతాయి, నమోదు కాని చేలను విడిగా వెతుక్కోవాలి. ఏ దారిలో వెళ్లినా మూల షీటు మొత్తం గుంటలను, గోష్వారా మొత్తం గుంటలను పక్కపక్కన పెట్టే మెట్టు క్వెరీ చివర ఉండాలి. రెండూ కలవకపోతే పట్టిక పై అధికారికి వెళ్లకూడదు.