పట్టా లోపలి పగులు పట్టేవారు

రైలు మార్గాల్లో అల్ట్రాసోనిక్ ట్రాలీ తోసుకుంటూ నడిచే పరీక్షకుల పనితనం ప్రయాణికుల కంట పడదు. పట్టాలోకి ధ్వనిని పంపే ప్రోబుల కింద నీళ్లు జారుతుంటాయి. ధ్వని ఉక్కులోకి దిగాలంటే మధ్యలో గాలి ఉండకూడదు. నిటారుగా దిగే ప్రోబు ఒకటి, 70 డిగ్రీల వాలున దూరేవి మరికొన్ని. తెర మీద లేచిన గీత పగులుదా, బోల్టు రంధ్రానిదా? అది తేల్చేది అనుభవమే.

అయితే ఈ ధ్వని ట్రాలీ కిందున్న చోటునే చూస్తుంది. కొన్ని పదుల కిలోహెర్ట్జ్ తరంగాలైతే పట్టానే దారిగా చేసుకుని వందల మీటర్లు పోగలవు.

చిక్కేమిటంటే, అవి ఒక్క రూపంలో పోవు. పట్టా తల, నడుము, పాదం వేర్వేరుగా ఊగుతాయి. పౌనఃపున్యం మారితే వేగమూ మారుతుంది. సన్నని పలకలో ఇలాంటి తరంగాలను హొరేస్ లాంబ్ 1917లోనే గణితంతో పట్టాడు. పట్టా ఆకారానికి మాత్రం కంప్యూటర్ లెక్క తప్పదు. అందులోని ఉపాయం ఎంత ముచ్చటైనదో! పొడవునా అడ్డుకోత ఒకటే కాబట్టి ఆ కోతను మాత్రమే చిన్న ముక్కలుగా విడగొట్టి, పొడవు దిశను తరంగ సూత్రానికి వదిలేస్తారు. మైళ్ల కొద్దీ ఉక్కు ఒక్క బొమ్మలో ఇమిడిపోతుంది. ఏ పౌనఃపున్యం పాదంలోని పగులును బాగా తాకుతుందో ముందే అంచనా కట్టవచ్చు. ట్రాలీ ప్రోబులకు పాదం అంచులు అందవు గనుక ఈ లెక్కకు అంత విలువ.