సంసారనౌక: చుక్కాని యెవరిది?

పెండ్లిండ్లకు పంచరత్నములు వ్రాసిపెట్టుమని మా యూరివారు నన్నడుగుచుందురు. ఇరువదియేండ్లుగా నెన్ని వ్రాసితినో లెక్కలేదు. వానిలో సగమున సంసారము సాగరము, దాంపత్యము నావ, భర్త కర్ణధారుడు. భార్య యా నావలో నేమి చేయుచుండునో నేనొక్క పద్యమునను చెప్పలేదు; చెప్పవలెనని తోచనైనను లేదు. పాతబడిన యుపమానము నెవరును పరీక్షింపరు. నిజముగా నిల్లు విడిచి నావలో కాపురముండిన దంపతుల గ్రంథములు చదివినపిమ్మట నాకీ లోపము తెలిసివచ్చినది.

ఇంగ్లండులోని డర్బీ పట్టణమున మారిస్ బెయిలీ అచ్చుకూటమున పనిచేయువాడు. ఆయన భార్య మారలిన్ పన్నుల కచేరీలో నుద్యోగిని. వీరిల్లమ్మి, 31 అడుగుల తెరచాపనావను సమకూర్చుకొని, దానినే యిల్లు చేసికొనిరి. తమ యిరువురి పేళ్లను కలిపి దానికి ‘ఆరలిన్’ అని పేరిడి, 1972 జూనులో న్యూజీలండునకు బయలుదేరిరి. అట్లాంటిక్ దాటి, పనామా కాలువ గడచి, గాలపాగోస్ దీవులవైపు పోవుచుండగా 1973 మార్చి 4వ తేదీ యుదయమున తిమింగిలమొకటి తాకి నావ మునిగినది. రబ్బరుతెప్పయు, దానికి కట్టిన చిన్నపడవయు వారికి మిగిలినవి. ఓడలు కంటబడియు ఆగక పోయినవి. తుదకు జూన్ 30న కొరియా దేశపు చేపలనావవారు వారిని రక్షించిరి. ఈ కథను దంపతులిరువురు ‘117 డేస్ అడ్రిఫ్ట్’ అను గ్రంథముగా వ్రాసిరి.

ఇందు సాహసముకంటె మెచ్చదగినది రచనావిధానము. ఒకమారు మారిస్, ఒకమారు మారలిన్, ఎవరి పేరు వారు పెట్టుకొని కథ చెప్పుదురు. నావ యున్నంతకాలము మారిస్ నాయకుడు. దిక్కును నిర్ణయించువాడాయన, బయటివారి జోక్యము వలదని వార్తలు పంపు రేడియోయంత్రమును నావపై పెట్టనివాడును ఆయనయే. నావ మునిగినది, దానితో నాయకత్వమును మునిగినది. తెరచాపయు చుక్కానియు లేనిచోట నావికవిద్య యేమి చేయగలదు? అప్పుడు కావలసినవి వేరు విద్యలు. పిన్నీసులను వంచి గాలములు చేయవలెనన్న యూహ మారలిన్‌ది. ఆమెకు ఈత రాదు. కాగితములతో పేకముక్కలు చేసినది; ఇంటికి పోయినపిమ్మట పెట్టవలసిన విందులకు పదార్థముల పట్టికలు వ్రాసినది; నీళ్లలో కూర్చుండియే రెండవ నావ యెట్లుండవలెనో గీసినది. భర్త నిరాశలో మునిగినకొలది రేపటి పని నేర్పరచినదామెయే.

మన కథకులైనచో దీనిని ‘సాధ్వి యోర్పు’ అని యుందురు. ఓర్పనునది కూర్చుండి సహించుట. ఇచట జరిగినది పరిపాలన. తినవలసినదెంత, ఆశపడవలసినదెట్లు అని నిర్ణయించువాడే నాయకుడు. ఈ మాటను మారిస్ దాచలేదు. భార్యకు తాను ఋణపడితినని అచ్చులో నొప్పుకొనెను. అట్లొప్పుకొనిన భర్తలెందరు?

2024లో సోఫీ ఎల్మ్‌హర్స్ట్ వీరి చరిత్రమును ‘మారిస్ అండ్ మారలిన్’ అను పేర తిరిగి వ్రాసినది. దంపతుల గ్రంథమున మర్యాదచే మాటాడక విడిచిన తావులను ఈమె పూరించినది. మారలిన్ వెలుగు హెచ్చుటకై మారిస్ చీకటిని కొంత చిక్కపరచినదని నాకు తోచినది, అది దోషము. కాని రక్షణతో కథ ముగింపకుండుట గొప్పగుణము. ఆ దంపతులు మరల రెండవ నావ నెక్కిరి. 2002లో మారలిన్ చనిపోయినపిమ్మట మారిస్ యొంటరితనమును చెప్పిన పుటలు చదివినగాని తెప్పమీద నామె చేసినదేమో మనకు పూర్తిగా తెలియదు.

ఓడమునక నిత్యజీవితము కాదుగదా యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. వారు లిన్ పార్డీ, లారీ పార్డీ దంపతుల ‘క్రూజింగ్ ఇన్ సెరాఫిన్’ (1976) చదువవలెను. 24 అడుగుల 4 అంగుళముల నావ, యంత్రము లేదు, 1968లో తామే కట్టి నీటికి దింపి, పదునొకండేండ్లు దానియందే కాపురముండిరి. ఇద్దరే యున్న నావ రాత్రియు నడువవలెను; కావున నొకరు నిద్రించునపుడొకరు మేల్కొని కాపుండవలెను. నిద్రించువారి ప్రాణము మేల్కొనినవారి చేతిలో నుండును. నిద్రలోనున్నవాడు యజమాని కాజాలడు. అలిగి పుట్టింటికి పోవుటకు దారిలేదు. విసిగి అరుగుమీద కూర్చుండుటకు అరుగులేదు. గాలి మారకమునుపే తగవు తీరవలెను. నావ ప్రేమను పుట్టింపదు, చంపదు. ఇంటిలో గోడలు దాచినదానిని బయటపెట్టును.

ఈ గ్రంథములు మనకు పూర్తిగా నాదర్శములని చెప్పను. ఆ నావలలో పిల్లలు లేరు, అత్తమామలు లేరు. మన కాపురములు వీరినందరిని మోయుచు నడుచునవి. అయినను చుక్కాని సంగతి మనకును వర్తించును. రెండేండ్లక్రిందట నేను మూడువారములు జ్వరముతో మంచము పట్టితిని. జీతములేని సెలవు, ఇంట రూకలు తక్కువ. అంగడివానితో గడువు మాటాడినది, పిల్లల పరీక్షరుసుము కట్టినది, నాకు మందు మార్పించినది నా భార్యయే. లేచినపిమ్మట ‘నాకు బాగుగా సాయపడితివి’ అని మెచ్చుకొంటిని. ఆమె బదులు చెప్పక లోపలికి పోయెను. ఆ మౌనమునకు అర్థము నాకీ పుస్తకములు చదువుచుండగా తెలిసినది. సాయమనగా పని నాది, చేయి ఆమెది యని గదా!

సప్తపదిలో ఏడవ యడుగు సఖ్యమునకని బడిలో పిల్లలకు చెప్పుచుందును. సఖులలో కర్ణధారుడొకడు, బరువొకరు ఉండరు. ఈ మాఘమున మరియొక పెండ్లికి పద్యములు వ్రాయవలసియున్నది. నావను విడువను. చుక్కానిని మాత్రము ఒక్కరి చేతనే యుంచి వ్రాయను.